పది దగ్గర మారిపోయే సంఖ్య

లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. పదో తరగతి గట్టెక్కిన రోజే వాటికో దండం పెట్టేశాను. అలాంటి నన్ను, మస్కట్‌లో తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్న ఈ వాణిని, ఇరవై అంకెల సంఖ్యను నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేలా తయారు చేసిన మనిషి సీతాదేవి టీచరు. నాకు సీతక్క. ఆమె సంగతి చెప్పాలంటే ఆ సంఖ్య సంగతి చెప్పకుండా కుదరదు కాబట్టి మీరూ కాస్త ఓపిక పట్టాలి.

ఆమెది అమలాపురం దగ్గర పల్లె, మాది జగిత్యాల. మస్కట్‌లోని రూవిలో ఇద్దరివీ ఒకే బిల్డింగులో ఫ్లాట్లు, ఇద్దరం పనిచేసేది ఒకే ఇండియన్ స్కూల్లో. ఆమె లెక్కలు చెబుతుంది, నేను తెలుగు. ఆమెకు డ్రైవింగ్ రాదు, రోజూ నా కారే. భర్త సుబ్బారావు గారు మూడు గంటల దూరంలో ఉన్న షినాస్‌లో చేపల కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. గురువారం సాయంత్రం వచ్చి శనివారం వెళ్ళిపోతారు. పిల్లలు లేరు. ‘బడిలో పిల్లలంతా మీ పిల్లలే కదా టీచరు గారూ’ అని ఎవరైనా ఓదార్చబోతే ఆమెకు చిర్రెత్తుకొచ్చేది. “వాళ్ళు నా పిల్లలేవిటండీ, వాళ్ళమ్మలు వింటే ఊరుకుంటారా?” అనేది.

కారెక్కితే చాలు, మా ఇద్దరికీ ఒకటే కీచులాట. అది బట్టీ గురించి. నేను పిల్లల చేత పద్యాలు కంఠస్థం చేయిస్తానని ఆమెకు కడుపుమంట. “మీ తెలుగు మేస్టర్లే వాణీ, పిల్లల బుర్రలు పాడుచేసేది. అర్థం కాకపోయినా అప్పజెప్పేస్తారు వెధవలు, వచ్చేసిందనుకుంటారు” అనేది. “మీ ఎక్కాలు ఎట్లొచ్చినయక్కా మరి, బట్టీ పట్టకుండనే వచ్చినయా?” అని నేను గిల్లేదాన్ని. ఎక్కాలు వేరు అనేది. ఎందుకు వేరో మాత్రం స్కూలు గేటు వచ్చేదాకా చెప్పేది కాదు.

ఆ బట్టీని చావగొట్టడానికే ఆమె ఆ సంఖ్యను పెంచి పోషించింది. ఏటా డిసెంబరులో స్కూల్లో గణిత దినం చేస్తారు. హాలు నిండా పిల్లలు. సీతక్క బోర్డు మీద 121 అని రాస్తుంది. ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి, ఎక్కి దిగడం. అది పదకొండును పదకొండుతో గుణిస్తే వస్తుంది. దాని కింద 12321. అది నూట పదకొండు ఇంటూ నూట పదకొండు. అలా నాలుగు దాకా ఎక్కి దిగినా, ఐదు దాకా ఎక్కి దిగినా, చివరికి తొమ్మిది దాకా ఎక్కి దిగినా ఒకటే వరస. ప్రతిదీ ఏదో ఒక సంఖ్యను దానితోనే గుణిస్తే వచ్చే వర్గమే. ఆ గుణించేది కూడా వట్టి ఒకట్ల దండే. అప్పుడు ఆమె 12345678910987654321 అని రాసి వెనక్కి తిరుగుతుంది. “మరి పది దాకా ఎక్కి దిగితే?” కొత్త పిల్లలంతా గొంతు చించుకుని “స్క్వేర్” అంటారు.

కాదు. పది దగ్గర అది అడ్డం తిరుగుతుంది. అది ప్రధాన సంఖ్య. ఒకటితో పోతుంది, తనతో తాను పోతుంది, ఇంక దేనికీ లొంగదు. అంకెలన్నీ కూడితే తొంభై ఒకటి, కాబట్టి మూడుతో పోదు. చివర ఒకటి ఉంది, కాబట్టి రెండుతో, ఐదుతో పోదు. అలా మూడు వందల యాభై రెండు కోట్ల దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూసినా ప్రతిసారీ ఎంతో కొంత శేషం మిగులుతుంది. ఇంకా పైన చూడొద్దా అని నేనోసారి అడిగాను. “పైన ఒకడు భాగిస్తే వాడి జతగాడు కింద ఉండి తీరాలి కదే. వాడు ముందే దొరికిపోయేవాడు” అంది. నాకు అర్థమైన ఒకే ఒక్క లెక్క అదే. చివర్లో పిల్లలకు చెప్పే మాట మాత్రం ఏటా ఒకటే. తొమ్మిదిసార్లు నిజమైంది కదా అని పదోసారి కళ్ళు మూసుకుని నమ్మకండి, భాగించి చూడండి.

పోయిన డిసెంబరులో కూడా అలాగే బోర్డు నిండా రాసింది. పది దాకా ఎక్కి దిగే సంఖ్య రాసి, ఇది ఏవిటి అని అడిగింది. ఏళ్ళ తరబడి విన్న పెద్ద క్లాసుల పిల్లలు ముక్తకంఠంతో “ప్రైమ్” అన్నారు. సీతక్క నవ్వింది. “తప్పు. ఇదీ వర్గమే” అని, పక్కన పది ఒకట్లు వరసగా రాసి, దాన్ని దానితోనే గుణించినట్టు గుర్తు పెట్టింది. పిల్లలు నవ్వారు. ఏదో తమాషా చేస్తోంది, ఇప్పుడు అసలు మాట చెబుతుంది అని చూశారు. ఆమె చాక్‌పీసు కింద పెట్టి, చేతులు దులుపుకుని, వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ముఖంలో ఏ తేడా లేదు. ఎప్పటిలాగే బాగా చెప్పానన్న తృప్తి ఉంది.

లెక్కలు రాని నాకే తెలిసిన తప్పు అది.

ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో మెల్లగా కదిపాను. “అక్కా, ఇయ్యాల బోర్డు మీద గట్లెందుకు రాసినవ్?”

“ఎలా రాశాను?”

చెప్పాను. ఆమె ముందు వెళ్ళే బస్సు వెనక అద్దం వైపే చూస్తోంది. “నేనా? ఇదీ వర్గమే అన్నానా?” అంది. కారు దిగేటప్పుడు ఎడమ కాలి చెప్పు జారిపోయింది. అది తొడుక్కోవడానికి తలుపు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

మర్నాడు పొద్దున్న తనే ఎత్తింది. “మరిచిపోవడం వేరు వాణీ. మరిచిపోతే, మరిచిపోయానని తెలుస్తుంది కదా. నిన్న నాకు తప్పు అనిపించలేదు. రాస్తున్నంతసేపూ నిజం రాస్తున్నట్టే ఉంది. నాకు భయంగా ఉందే.”

“వయసైతుందక్కా. నిద్ర చాలట్లేదు, గంతే” అన్నాను. నా మాట నాకే నమ్మకంగా లేదు.

ఆ తర్వాత భయం మా కారులో మూడో మనిషిలా కూర్చుంది. ఆమె ముందు వెళ్ళే కార్ల నంబర్లు చదివి ప్రధాన సంఖ్యలో కాదో చూసుకోవడం మొదలుపెట్టింది. అది పాత అలవాటే గానీ ఇప్పుడు పరీక్షలాగా చేసేది. ఒకరోజు ఒక ట్యాక్సీ నంబరు చివర 91 చూసి “ప్రైమ్” అంది. సిగ్నలు దగ్గర ఆగాక, ఏడు పదమూళ్ళు తొంభై ఒకటి అని తనే వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, దుపట్టా కొస నోట్లో కుక్కుకుంది. పొద్దున్నే తలనొప్పి అనేది. మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చున్నచోటే కునుకు తీసేది. నాకూ నిద్ర పట్టడం మానేసింది. ఎందుకంటే ఆమెకు కనబడని తప్పులు నాకెలా కనబడతాయి? నేనా లెక్కల మొద్దును.

సుబ్బారావు గారికి ఫోన్ చేశాను. “దానికి చాదస్తం ఎక్కువైందమ్మా వాణీ. సెలవలకి రెస్టు తీసుకుంటే అదే సర్దుకుంటుంది” అన్నారు. భయపడ్డవాళ్ళు మాట్లాడే తీరే అది. ఆయనను అని ఏం లాభం?

జనవరిలో ప్రిన్సిపాల్ సీతక్కను పిలిచింది, తోడుగా నేనూ వెళ్ళాను. క్లాసులో లెక్కలు తప్పు చెబుతోందని పిల్లల తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారట. ప్రిన్సిపాల్ మర్యాదగానే చెప్పింది, కానీ మాట మాత్రం తేల్చి చెప్పింది. మెదడు డాక్టరు దగ్గర చూపించుకుని, అంతా బాగానే ఉందని రాయించుకు వస్తేనే మళ్ళీ క్లాసులు, అప్పటిదాకా స్కూలుకు వచ్చి స్టాఫ్ రూములో కూర్చోవాలి. సీతక్క మెట్లు దిగుతూ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ వారమంతా కారులో ఏదో గొణుక్కునేది. దేవుడి స్తోత్రమేమో అనుకుని నేను రేడియో తగ్గించేదాన్ని. ఓ రోజు చెవి పెట్టి విన్నాను. “తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది, డెబ్భై రెండు, అరవై ఐదు.” మళ్ళీ మొదటి నుంచి అదే.

“ఏందక్కా అది?”

“మతిమరుపు డాక్టర్లు అడుగుతారట వాణీ. వందలోంచి ఏడు తీసెయ్యి, వచ్చినదాన్లోంచి మళ్ళీ ఏడు తీసెయ్యి అని. నెట్లో ఉంది. ఎక్కడైనా ఇదే అడుగుతారట.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “అంటే బట్టీ పడుతున్నవా? నువ్వు? నన్ను ఇన్నేండ్లు తిట్టి తిట్టి, ఇప్పుడు నువ్వు డాక్టర్‌ను మోసం చేస్తవా?”

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. “నాకు ఇంకేం రాదే. వంట అంతంత మాత్రం. పిల్లల్ని పెంచలేదు. చేతికి వచ్చింది ఈ లెక్క ఒక్కటే. అదీ పోయిందని ఒక డాక్టరు కాయితం మీద రాస్తే నేను ఏవిటి? ఎవర్ని?” అంది.

నేనేం చేశానో చెప్పమంటారా? మర్నాడు నేనే అప్పజెప్పించుకున్నాను. పద్యం అప్పజెప్పించుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు కదా. ఆమె చెబుతూ ఉంటే, ఎక్కడ ఆగినా అందించాను. స్కూలుకు వెళ్ళేటప్పుడూ అదే, కూరగాయలకు వెళ్ళేటప్పుడూ అదే. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది నాకే నోటికొచ్చేశాయి.

బౌషర్‌లో హాస్పిటల్. సుబ్బారావు గారికి సెలవు దొరకలేదు, నేనే తీసుకెళ్ళాను. డాక్టరు పేరు జువేరియా. మన హైదరాబాదు మనిషే, నల్లటి అబాయా మీద తెల్లకోటు. తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడింది. “టెన్షన్ నక్కో అమ్మా, ఆరాంగా కూసోండి” అంది. ఇవాళ ఏ వారం, మనం ఏ ఊళ్ళో ఉన్నాం అని అడిగింది. మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. సీతక్క అన్నిటికీ సరిగ్గానే చెప్పింది. తర్వాత డాక్టరమ్మ, వందలోంచి ఏడేడు తీసేస్తూ చెప్పమంది.

సీతక్క గడగడా అప్పజెప్పింది. ఒక్క తడబాటు లేదు. డాక్టరమ్మ నవ్వి పెన్ను మూత పెట్టింది. “మీరు మాకంటే ఫాస్ట్ ఉన్నరు. లెక్కల టీచర్ కదా. కుఛ్ నై అమ్మా, కొంచెం స్ట్రెస్ అంతే. లెటర్ ఇచ్చేస్త” అంది. నా ప్రాణం లేచి వచ్చింది. హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని లేచి నిలబడ్డాను.

సీతక్క లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూస్తూ కూర్చుంది.

“పదక్కా” అన్నాను.

“డాక్టరు గారూ, అది నేను బట్టీ పట్టి వచ్చాను” అంది. “మీరు పరీక్ష పెట్టలేదు. నేను అప్పజెప్పానంతే. ఇంకో సంఖ్య ఇవ్వండి.”

ఆ క్షణంలో ఆమె మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చేతిలోకి వచ్చిన ముద్దను నేలకేసి కొట్టినట్టు అనిపించింది. డాక్టరమ్మ మూత మళ్ళీ తీసింది. ఆమెను ఓసారి నిదానంగా చూసింది. “అచ్ఛా. నూట రెండు నుంచి చెప్పండి.”

“తొంభై ఐదు” అంది సీతక్క. ఆలోచించింది. “ఎనభై ఎనిమిది.” మళ్ళీ ఆలోచించింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి. తర్వాత ముఖం ఒక్కసారి విప్పారింది. “ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది, డెబ్భై రెండు, అరవై ఐదు.”

ఆ వరస నాకు తెలుసు. నేనే నేర్పాను. రెండు మెట్లు సొంతంగా దిగి, మూడో దాని దగ్గర బట్టీ పట్టిన దారిలోకి జారిపోయింది. జారిన సంగతి ఆమెకు తెలియలేదు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “సరిగ్గానే చెప్పాను కదా?” అంది. గణిత దినం నాడు వచ్చి నా పక్కన కూర్చున్నప్పటి తృప్తే ముఖంలో ఉంది.

డాక్టరమ్మ రెండు చేతులూ ముందుకు చాపి కళ్ళు మూసుకోమంది. సీతక్క చాపింది. కుడి చెయ్యి నిలబడింది. ఎడమ చెయ్యి మెల్లమెల్లగా కిందికి దిగిపోయింది. ఆమె మాత్రం రెండూ సమంగా ఉన్నాయనుకుంటూ కళ్ళు మూసుకునే ఉంది.

“తలకు ఏమన్న దెబ్బ తాకిందా, ఈ మధ్యల?”

“లేదండీ” అంది సీతక్క.

“తాకింది” అన్నాను నేను. అప్పుడు గుర్తొచ్చింది. నవంబరులో రూవిలో సరుకులు పెడుతుంటే కారు డిక్కీ మూత ఠపీమని ఆమె నెత్తి మీద పడింది. రుద్దుకుని నవ్వేసింది, నేనూ నవ్వాను. రక్తం కూడా రాలేదు.

“రక్తం పల్చగయ్యే గోలీలు వేసుకుంటరా?”

వేసుకుంటుంది. రెండేళ్ళ కిందట గుండెకు స్టెంట్ వేశారు. డాక్టరమ్మ నవ్వు పోయింది. ఫోన్ తీసి స్కానింగ్ వాళ్ళతో అరబ్బీలో మాట్లాడింది. అప్పటికప్పుడే వీల్‌చెయిర్ తెప్పించింది.

తల లోపల, ఎముకకూ మెదడుకూ మధ్య, వారాల తరబడి బొట్టు బొట్టుగా రక్తం చేరిందట. అది మెదడును పక్కకు నెడుతోందట. సాయంత్రంలోగా ఆపరేషన్ చేసి తీసెయ్యాలి అన్నారు. నన్ను కారిడార్‌లోకి పిలిచి డాక్టరమ్మ చెప్పిన మాట నాకు ఇప్పటికీ పీడకలలో వినబడుతుంది. “ఆ వంద నుంచి చెప్పిన జవాబులతోనే లేచి వెళ్ళిపోయి ఉంటే నేను లెటర్ ఇచ్చి పంపించేస్తుంటి. ఇంకో వారంల ఎప్పుడో నిద్రలనే పోతుండె.”

నేను గోడకు ఆనుకున్నాను. అప్పజెప్పించుకున్నది నేనే. పద అక్కా అన్నదీ నేనే.

సుబ్బారావు గారికి ఫోన్ చేశాను. షినాస్ నుంచి బయలుదేరారు. దారి పొడవునా గంటకోసారి చేసి “లోపలికి తీసుకెళ్ళారా?” అని అదే ప్రశ్న అడిగారు. ఆయన చేరేలోపే తీసుకెళ్ళారు. జుట్టు ఒకపక్క గీసేశారు. స్ట్రెచర్ మీద సీతక్క నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు.

“తప్పు చేస్తానేమోనని కాదే నా భయం. జీవితమంతా పిల్లల తప్పులు దిద్దాను, తప్పంటే నాకు భయమేవిటి? తెలియకుండా చేస్తానేమోనని. లేచాక నేను తప్పు మాట్లాడి, అది నిజమనుకుని నవ్వుతూ ఉంటే... జాలిపడి ఊరుకోకు వాణీ.”

ఊరుకోనని మాటిచ్చాను. నాకు ఎట్ల తెలుస్తదక్కా అని మాత్రం అడగలేకపోయాను.

సుబ్బారావు గారు వచ్చేసరికి చీకటి పడబోతోంది. చొక్కాకు ఇంకా చేపల వాసన. కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పి మళ్ళీ తొడుక్కున్నారు. “చాదస్తం అన్నాను కదమ్మా నీతో” అన్నారు. నేను క్యాంటీన్ నుంచి చాయ్ తెచ్చిచ్చాను. ఇద్దరిలో ఎవరమూ తాగలేదు. ఆపరేషన్ బాగా జరిగిందని సర్జన్ వచ్చి చెప్పినప్పుడు కూడా మాకు భయం తీరలేదు. ప్రాణం దక్కింది. లోపల మనిషి దక్కిందో లేదో ఎవరూ చెప్పలేదు.

రెండో రోజు పొద్దున్న వార్డులోకి రానిచ్చారు. తలకు తెల్లటి కట్టు. నన్ను చూసి “వాణీ, స్కూలుకి పోలేదా?” అంది. సుబ్బారావు గారిని చూసి స్నానం చేసి రమ్మంది. ఆయన నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. పేర్లు, మనుషులు డిసెంబరులో కూడా ఆమెకు బాగానే గుర్తున్నాయి. నా భయం వాటి గురించి కాదు.

డాక్టర్ జువేరియా వచ్చింది. మంచం పక్కన నిలబడి “నూట మూడు నుంచి, ఏడేడు” అంది. సుబ్బారావు గారు మంచం కడ్డీ పట్టుకున్నారు. నేను దుపట్టా కింద వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెట్టబోయాను. మొదటిదానికే తప్పాను. దాంతో అది మానేసి డాక్టరమ్మ ముఖం చూస్తూ నిలబడ్డాను.

“తొంభై ఆరు” అంది సీతక్క. డాక్టరమ్మ తల ఊపింది.

చాలాసేపు పట్టింది. పెదాలు కదిలాయి. “ఎనభై తొమ్మిది.”

డాక్టరమ్మ మళ్ళీ తల ఊపింది.

“ఎనభై మూడు.”

ఈసారి తల ఊపలేదు. పెన్ను కాగితం మీద ఆగిపోయింది. సుబ్బారావు గారు లెక్కలు తెలిసిన మనిషి. ఆయన నేల వైపు చూశారు. నాకు అర్థమైపోయింది. ఆమె ఇప్పుడు మావైపు తిరిగి నవ్వుతుందని, సరిగ్గానే చెప్పాను కదా అంటుందని, జాలిపడకుండా కాదని చెప్పాల్సింది నేనేనని నోరు తెరిచాను.

సీతక్క నవ్వలేదు. కళ్ళు చిట్లించి ఎదుటి గోడ వైపు చూసింది.

“ఆగండి డాక్టరు గారూ” అంది. “తప్పు చెప్పాను.”